వరి కోతల వేళ కంటికి ఫంగస్ ముప్పు

సంపాదకులకు,

వానాకాలం వరి కోతలు మొదలయ్యాయి. మిర్యాలగూడ, వేములపల్లి, హాలియా ప్రాంతాల్లో ఏ ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లినా, ధాన్యం తూర్పార పట్టే మిషన్ పక్కన ఆడవాళ్లు ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుని పనిచేస్తూ కనిపిస్తారు. కళ్లకు మాత్రం ఏ అడ్డూ ఉండదు. అక్కడ ఎగిరే తాలో, నూగో కంట్లో పడి నల్లగుడ్డు మీద చిన్న గీత పడితే చాలు, ఆ గీతలోంచి ఫంగస్ దిగి పుండు పెట్టవచ్చు. వైద్యం ఆలస్యమైతే కంట్లో తెల్లగా పువ్వు మిగులుతుంది, ఒక్కోసారి కన్నే తీసేయాల్సి వస్తుంది. ఈ ముప్పును మీ పత్రిక ద్వారా జిల్లా వైద్యాధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇలాంటి పుండ్లకు మన ప్రాంతంలో ఎక్కువగా కారణమయ్యేవి ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్‌లు. మట్టి, ఎండుగడ్డి, కుళ్లిన ఆకులే వాటి ఇల్లు. విత్తనాల్లాంటి వాటి సిద్ధబీజాలు ఎండను తట్టుకుని చాలాకాలం పడి ఉండి, తడి తగలగానే మొలకెత్తుతాయి. కన్ను బాగుంటే రెప్పపాటుకూ కన్నీటికీ అవి కొట్టుకుపోతాయి. పై పొర చెదిరినప్పుడే వాటికి దారి దొరుకుతుంది. మొలిచిన దారంలాంటి పోగు తన కొన దగ్గర పెరుగుతూ, ఎదురుగా ఉన్న కణజాలాన్ని ఎంజైములతో కరిగించుకుంటూ లోతుకు చొచ్చుకుపోతుంది. నల్లగుడ్డు మీది పారదర్శక పొర అయిన కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి రక్తంలోని రక్షక కణాలు అక్కడికి వెంటనే చేరలేవు, మింగిన మాత్రల ప్రభావమూ అంతంతమాత్రమే.

ఫంగస్ కణం నిర్మాణంలో బ్యాక్టీరియా కంటే మన కణానికే దగ్గర. అందువల్ల మామూలు యాంటీబయాటిక్ చుక్కలు దాన్ని ఏమీ చేయవు, మనకు హాని లేకుండా దాన్ని మాత్రమే చంపే మందులేమో కొద్దిగానే ఉన్నాయి. మన కణపొరలో కొలెస్టరాల్ ఉన్నచోట ఫంగస్‌కు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. నాటామైసిన్ అనే మందు దాన్నే పట్టుకుని పనిచేస్తుంది. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వైద్యులూ అమెరికా వైద్యులూ కలిసి చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తదైన వొరికొనజోల్ చుక్కల కంటే ఈ పాత మందే మెరుగని, ముఖ్యంగా ఫ్యుసేరియం విషయంలో మెరుగని తేలింది. అయితే నాటామైసిన్ నీటిలో సరిగా కరగదు, కార్నియా లోతుకూ సులువుగా దిగదు. తెల్లటి మందు సీసా అడుగున పేరుకుని ఉంటుంది, కుదపకుండా వేస్తే కంట్లో పడేది పైన తేరిన నీళ్లే. మొదట్లో గంటకోసారి చొప్పున, వారాల తరబడి వేయాల్సిన మందు ఇది. కూలి పని మానుకోలేని మనిషి దాన్ని ఎంత సక్రమంగా వేసుకోగలదో ఊహించవచ్చు.

అసలు నష్టం అంతకు ముందే జరుగుతోంది. కన్ను ఎర్రబడిందని మెడికల్ షాపుకో ఆర్‌ఎంపీ దగ్గరికో వెళితే, చాలాచోట్ల యాంటీబయాటిక్‌తో డెక్సామెథసోన్ కలిపిన చుక్కలు చేతిలో పెడుతున్నారు. డెక్సామెథసోన్ స్టిరాయిడ్, వాపునూ ఎరుపునూ అణుస్తుంది. రెండు రోజుల్లో కంటి ఎరుపు తగ్గి మందు పనిచేసిందనిపిస్తుంది. నిజానికి అణిగింది ఫంగస్‌తో పోరాడుతున్న మన శరీర రక్షణే, ఫంగస్ నిరాటంకంగా లోపలికి పోతూ ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇంత సులువుగా దొరకడం ఔషధ నియంత్రణ అధికారులకు కనిపించడం లేదా? ఇక ఆకు పసరు పోయడం, నాలుకతో నలక తీయించడం గురించి చెప్పనక్కర్లేదు.

పొలానికి సంబంధించిన మాట ఒకటి. పాముపొడకు కొట్టే హెక్సాకొనజోల్, మానిపండు తెగులుకు కొట్టే ప్రొపికొనజోల్, మనుషులకు వాడే ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ ఒకే కుటుంబం మందులు. పొలంలో వీటిని పదేపదే కొడితే వీటికి లొంగని ఫంగస్ మిగిలి పెరిగే ప్రమాదం ఉంది. అలా లొంగని ఆస్పర్‌జిల్లస్ మన దేశపు నేలల్లోనూ బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్, ఫ్యుసేరియం రెండూ ఉన్నాయి. తెగులు లేకపోయినా ముందుజాగ్రత్తంటూ పక్క రైతును చూసి పిచికారీ చేసే అలవాటుపై వ్యవసాయ శాఖ కూడా ఆలోచించాలి.

పుండు ఫంగస్‌దా కాదా తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పుండు అంచు నుంచి కొద్దిగా గీకి, స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే, కొమ్మలు వేసిన పోగులు నిమిషాల్లో కనిపిస్తాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలతో పాటు ఏరియా ఆసుపత్రుల్లోనూ కోతల కాలమంతా, సెలవు రోజుల్లో సహా, ఈ పరీక్ష జరిగేలా, నాటామైసిన్ ఉచితంగా అందేలా చూడాలి. నేపాల్‌లోని భక్తపూర్‌లో, కంటికి గీత పడినవారికి గ్రామ కార్యకర్తలే వెంటనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టగా దాదాపు అందరికీ పుండు లేకుండా మానిందని 2001లో వెల్లడైంది. పుండు పడ్డాక ఆ ఆయింట్‌మెంట్ ఫంగస్‌కు మందు కాదు గానీ, గాయమైన రోజే ఆశా కార్యకర్త కన్ను చూసి, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపే ఏర్పాటు మన దగ్గరా సాధ్యమే. కంటి వెలుగు కింద ఊరూరా అద్దాలు పంచిన రాష్ట్రం మనది. తూర్పార పట్టే కూలీలకూ హమాలీలకూ పక్కలు మూసిన ప్లాస్టిక్ కళ్లద్దాలను, గన్నీ సంచులతో పాటే ఈ సీజన్‌లోనే కొనుగోలు కేంద్రాలకు పంపాలని కోరుతున్నాను.

- ఒక వరి రైతు,
వేములపల్లి మండలం, నల్లగొండ జిల్లా