ఈసారి మా షాపులో జెండా తోరణాల్లేవు

విజయనగరం గంటస్తంభం దగ్గర మా స్టేషనరీ షాపుకి వచ్చేవాళ్ళు వారం రోజులుగా ఒకటే అడుగుతున్నారు: "జెండాల తోరణాలు ఇంకా రాలేదాండీ?" రాకపోవడం కాదు, నేనే తెప్పించలేదు. రద్దీలో ఒక్కొక్కరికీ వివరం చెప్పలేక "లేవండీ" అనేస్తుంటే కొందరు ముఖం ముడుచుకుని వెళ్ళిపోతున్నారు. అందుకే ఇలా రాస్తున్నాను.

పోయిన ఏడాది నాలుగు వందల తోరణాలు తెప్పించాం. కాగితంవే, దారానికి వరసగా చిన్న చిన్న జెండాలు. ఆగస్టు 14 రాత్రికే అన్నీ అయిపోయాయి, గిట్టుబాటు కూడా బాగుంది. 16 పొద్దున్న నేనూ మా అత్తయ్యా షాపు తెరవడానికి వస్తుంటే, రాత్రి కురిసిన వానకి ఒక తోరణం తెగి, సందు మలుపులో కాలువలోకి వేలాడుతోంది. సగం జెండాలు మురుగులో ఉన్నాయి. దారం చివర మా షాపు స్టిక్కరు మాత్రం చెక్కుచెదరలేదు. అత్తయ్య వంగి దాన్ని పైకి లాగి, నీళ్ళు పిండి, "ఇది మన షాపుదే కదేటే?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

పదకొండేళ్ళుగా జెండాలు అమ్ముతున్నాను గానీ 2002 నాటి ఫ్లాగ్ కోడ్ (జాతీయ జెండాని ఎలా వాడాలో చెప్పే నియమాలు) ఒక్కసారీ చదవలేదు. ప్లాస్టిక్ జెండాలు 2022 జులై 1 నుంచి నిషేధమని తెలుసు, అవి మానేశాం. కానీ జాతీయ జెండాని తోరణంలా గానీ ఇంకే రకంగా గానీ అలంకరణకి వాడకూడదని అందులో ఉందని తెలియదు. కాగితం జెండా పండగ రోజున చేత్తో పట్టుకుని ఊపొచ్చు. ఆ తర్వాత దాన్ని కింద పారేయకూడదు, నలుగురి మధ్యలో కాకుండా మర్యాదగా విసర్జించాలి. అంటే నేను అమ్మిన సరుకే తప్పు. కొన్నవాళ్ళని అనేదేమీ లేదు.

ఈసారి వాటి బదులు, ఇంట్లోనే రంగు కాగితాల తోరణం, చేతి జెండా, గాలిమర చేసుకునేలా ఒక ప్యాకెట్ కట్టాం. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఏ4 కాగితాలు ఆరు చొప్పున, ఒక నీలం కాగితం, పురికొస చుట్ట, నాలుగు గుండుసూదులు, నాలుగు పూసలు. ధర 40 రూపాయలు. తోరణం మీద పదిహేను మిగిలేది, దీని మీద ఆరు మిగులుతుంది. అడగకుండానే చెప్పేస్తున్నాను, ఎందుకంటే "కాగితాలకి నలభయ్యా!" అని నిన్న ఒక అన్నయ్యగారు గట్టిగానే అడిగారు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మొదట కట్టిన ముప్పై ప్యాకెట్లలో ముడతలుండే క్రేప్ కాగితం పెట్టాను, మెరుపు బాగుంటుందని. ఆదివారం ఇంట్లో చేసి చూస్తే, మా అమ్మాయి తడి చేతులకి ఆకుపచ్చ దిగిపోయి తెల్ల కాగితమంతా పాడైంది. అసలే వానల రోజులు. మీ ప్యాకెట్‌లో ముడతల కాగితం ఉంటే వెనక్కి తెచ్చేయండి, వేరేది ఇస్తాను. విప్పేసినా పర్వాలేదు.

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. మా వారు కత్తెర పట్టుకున్న పది నిమిషాలకే ఫోన్ వచ్చిందని లేచిపోయారు, అది వేరే సంగతి. తోరణానికి అత్తయ్యే గురువు. పూర్వం పెళ్ళి పందిళ్ళకి రంగు కాగితాలు కత్తిరించిన చెయ్యి. చదరపు కాగితాన్ని మూలకి మూల మడిచి, మడతలో పురికొస పెట్టి, లోపల జిగురు రాసి నొక్కేయాలి. ముక్కోణం రెండు పొరలుగా దారానికి వేలాడుతుంది, గాలికి ఊడదు. ఒక కాషాయం, ఒక తెలుపు, ఒక ఆకుపచ్చ, విడివిడిగా. ఇది జెండా కాదు కాబట్టి గుమ్మానికి నిశ్చింతగా కట్టుకోవచ్చు. జిగురు కొనక్కర్లేదు, రెండు చెంచాల మైదా గ్లాసు నీళ్ళలో ఉండకట్టకుండా కలిపి ఉడికిస్తే చాలు. అప్పట్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారట. పిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు, ఏ రోజుకి ఆ రోజు వండుకోండి.

చేత్తో పట్టుకునే జెండాకి కొలత 18 సెంటీమీటర్ల పొడుగు, 12 వెడల్పు. మూడు పట్టీలూ నాలుగేసి సెంటీమీటర్లు. చక్రం దగ్గరే అందరూ తడబడతారు. అందులో ఆకులు, అంటే మధ్య నుంచి అంచుకి వెళ్ళే గీతలు, 24 ఉండాలి. మావాడు పదహారే గీసి, "చాల్లే అమ్మా, ఎవరు లెక్కపెడతారు?" అన్నాడు. వాళ్ళ చెల్లి లెక్కపెట్టింది! చివరికి మడతల్లో దారి దొరికింది. విడి కాగితం మీద చేతి గాజు పెట్టి గుండ్రంగా గీసి కత్తిరించి, సగానికి మడవాలి. ఆ సగాన్ని మూడు సమాన భాగాలుగా, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. విప్పితే సరిగ్గా 24 గీతలు. నీలం పెన్నుతో గీసిన చిన్న చక్రం గుండ్రాన్ని దాని మధ్యలో పెట్టి, గీతలు బయటికొచ్చే చోట చుక్కలు పెట్టి, ఎదురెదురు చుక్కలు కలిపేయడమే. "మరి రాట్నం ఏదీ?" అని అడిగారు అత్తయ్య. పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడలో గాంధీజీకి చూపించిన జెండా నుంచి వచ్చిన కథంతా మావాడు చెప్పాడు. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చిందని కూడా చెప్పాడు. పాఠం చదవమంటే చదవడు గానీ ఇది మాత్రం నోటికొచ్చు.

గాలిమర మాత్రం అందరికీ వస్తుంది. కాకపోతే గుండుసూది చీపురుపుల్లకి దిగదు, ఐస్‌క్రీమ్ పుల్ల చీలిపోతుంది. గోగుపుల్ల తీసుకోండి, మెత్తగా దిగి గట్టిగా పట్టుకుంటుంది. గోగునార పండే జిల్లాలో పుల్లలకేం కరువు? కాగితానికీ పుల్లకీ మధ్య పూస పెట్టడం మరవకండి, లేకపోతే తిరగదు. సూది మొన బయటికొస్తే వంచేసి పైన కాగితం చుట్టండి.

14న రాత్రి పది దాకా షాపు ఉంటుంది. 15 పొద్దున్న తెరవం, పిల్లల స్కూల్లో జెండా వందనానికి వెళ్ళాలి, పదకొండు తర్వాత రండి. 16 నుంచి కౌంటర్ పక్కన ఒక అట్టపెట్టె పెడుతున్నాం. పాత కాగితం జెండాలు, పోయినేడు మా దగ్గర కొన్నవైనా ఇంకెక్కడివైనా, అందులో వేయండి, మర్యాదగా మేం విసర్జిస్తాం. గోగుపుల్లలు మాత్రం అమ్మకానికి కాదు. మా ఊరి నుంచి అత్తయ్య ఒక మోపు తెప్పించారు, ఆవిడని అడిగితే ఊరికే ఇస్తారు. నన్నడిగితే ఎక్కడున్నాయో నాకే తెలియదు.