ఢిల్లీ మ్యూజియంలో ఈసారి రెండు గదులే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యాక ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని ఢిల్లీ తీసుకెళ్తున్నామన్న మాట ఇప్పటికే మీ చెవిన పడి ఉంటుంది. ఎర్రకోట, ఇండియా గేట్ ఎలాగూ చూస్తారు, కానీ ఈ ప్రయాణం పెట్టుకున్నది జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియం కోసం. అక్కడ రెండు లక్షలకు పైగా వస్తువులున్నాయి. మేం చూపించేది రెండు గదులే. అంత దూరం వెళ్ళి ఇంతేనా అని తర్వాత మీకు అనిపించకూడదని ముందే చెప్తున్నాను.

మూడేళ్ళ క్రితం వేరే మ్యూజియానికి వెళ్ళినప్పుడు బస్సుకు టైమైపోతోందన్న టెన్షన్‌లో పిల్లల్ని గదిగదికీ పరుగెత్తించాం. తిరిగొచ్చాక ఏం చూశారని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారు. తప్పు మాది, పిల్లలది కాదు.

అందుకే మొదటి గంటంతా హరప్పా గదిలోనే. మొహెంజొదారో నాట్యకత్తె బొమ్మను పుస్తకంలో చూసి పిల్లలు పెద్ద విగ్రహమనుకుంటారు, నిజానికి దాని ఎత్తు 10.5 సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కంచు పోస్తారు. సుమారు 4,500 ఏళ్ళ నాటి పని అది. గుళ్ళలో ఉత్సవ విగ్రహాలు ఇప్పటికీ ఆ పద్ధతిలో పోస్తున్నారు. ఎడమ చేతి నిండా ఉన్న గాజుల్ని పిల్లలే లెక్కపెట్టుకుంటారు, మేం చెప్పం.

రెండోది నాగార్జునకొండ శిల్పాలు. నాకు బాగా ఇష్టమైనవి ఇవే. ఒకప్పుడు కృష్ణా తీరాన్నేలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న ఆ లోయ, సాగర్ డ్యామ్ కడితే మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు, ఆ కొండే ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి. మన పిల్లలు ధవళేశ్వరం నీళ్ళతో పండిన అన్నం తింటున్నారు, ఆనకట్ట విలువ వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక ఆనకట్ట కోసం ఏం మునిగిందో కూడా ఆ రాళ్ళ ముందు నిలబడి తెలుసుకోవాలని నా కోరిక.

అన్నట్టు, ఢిల్లీ ప్రయాణానికి ముందు ఒక శనివారం ఆదుర్రు బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్తాం. గోదావరి పాయ వైనతేయ ఒడ్డున, ఇంత దగ్గర్లో ఉన్నా చాలామంది పిల్లలు చూడనేలేదు.

మ్యూజియానికి సోమవారం సెలవు కాబట్టి మంగళవారం వెళ్తాం. జనవరి చలికి స్వెటర్, మంకీ క్యాప్ తప్పనిసరి. ఫోన్లు వద్దు, ఒక నోటుబుక్, రెండు పెన్సిళ్ళు చాలు. పులిహోర మొదటి రోజుకు సరిపడా మాత్రమే కట్టండి. డబ్బు కట్టడం కష్టమైతే పిల్లని ఆపేయకండి, నాతో ఒక్క మాట చెప్పండి, మూడో మనిషికి తెలియదు.

ఇంకొకటి. సాగర్ కట్టే రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్ళు గానీ, చూసినవాళ్ళు గానీ మీ ఇళ్ళలో తాతగార్లు, మామ్మగార్లు ఎవరైనా ఉంటే దయచేసి కబురు చేయండి. బడికి రాలేకపోతే మేమే పిల్లల్ని తీసుకుని మీ ఇంటికి వస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు