అది దందా కాదు, అల్లిక

సంపాదకుడు గారికి,

నమస్కారం. నలుగురు ఆడవాళ్లు పార్కులో కూర్చుని స్వెటర్లు అల్లి అమ్ముకుంటున్నారన్నట్టు, మీ జిల్లా పేజీలో ‘పార్కులో స్వెటర్ల దందా’ అని వార్త వేసి పద్నాలుగు రోజులైంది. ఆ రోజే రాద్దామని కాగితం తీశాను. అప్పటికి మా మనవడి స్వెటరు రెండో చెయ్యి సగంలో ఉంది. కోపం మీద అల్లితే ఊలు బిగిసిపోతుంది, మళ్లీ విప్పుకోవాలి. ఉత్తరమూ అలాగే అవుతుందని భయపడి, చెయ్యి పూర్తిచేసి, మెడ ముగించి, గుండీలు కూడా కుట్టి ఇప్పుడు కూర్చున్నాను. కోపం మాత్రం తగ్గలేదు.

ఆ పార్కేదో, ఆ నలుగురు ఆడవాళ్లెవరో కొరాపుట్ జిల్లాలో మీ పత్రిక చదివేవాళ్లకు తెలుసు, మళ్లీ చెప్పను. ఆ నలుగురిలో నేనొకదాన్ని. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ముందు మాట దగ్గరే ఆగుతాను. దందా అంటే ఏమిటండీ? ఇసుకది దందా, బియ్యానిది దందా. మేం ఇంతవరకు ఒక్క స్వెటరు, ఒక్క మేజోడు, కనీసం పసిపిల్లల టోపీ ఒక్కటి అమ్మిన పాపాన పోలేదు. అమ్ముదామన్నా కొనేదెవరు? సంతలో మిషన్ స్వెటరు మూడొందలకి ఇస్తుంటే, నెల రోజుల నా మెడనొప్పికి ఎవరు ధర కడతారు? మీ విలేకరి మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే ఇదే చెప్పేవాళ్లం. ఆయన గేటు దగ్గరే ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. అందులో నా వీపు బాగానే పడింది.

విశాఖలో ఫ్యాను కింద కూర్చుని పేజీ దిద్దేవాళ్లకు ఈ స్వెటర్ల గోల వింతగా ఉండవచ్చు. మాది దేవమాలి ఉన్న జిల్లా. ఒడిశా మొత్తానికి ఎత్తయిన శిఖరం అది, 1,672 మీటర్లు. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ ఇళ్లలో పగలే చీకటి, చలి. పార్కులో నాలుగింటికి కాస్త ఎండ ఉంటుంది. మా కళ్లకి ఆ వెలుగు కావాలి. అంతకు మించి కుట్ర ఏమీ లేదు.

ఆ వార్తలో అధికారి గారు అన్నారట: సూదుల వల్ల పిల్లలకు ప్రమాదం, పైగా ‘గుర్తుతెలియని వ్యక్తులు’ గుమిగూడుతున్నారు అని. సూదుల సంగతి తర్వాత. గుర్తుతెలియని వ్యక్తులంటే మీ పత్రికలో సాధారణంగా పట్టాల పక్కన దొరికేవాళ్లు కదా! మా దగ్గరికొచ్చేవాళ్లంతా ప్రాణాలతోనే ఉన్నారు. కావాలంటే ఒక్కొక్కరినీ గుర్తుపట్టి చెబుతాను.

ఎక్కువమంది “ఏటప్పా, ఇదెంతకిస్తావు?” అని అడిగేవాళ్లే. అమ్మకానికి కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఆ తర్వాత “ఎవరికి?” అనేవాళ్లు. నాకే అన్నామనుకోండి, ఈ వయసులో ఎందుకన్నట్టు చూస్తారు. ఒక ప్లస్ టూ కుర్రాడు వారం రోజులు దూరం నుంచి చూసి, ఎనిమిదో రోజు దగ్గరికొచ్చి “మావుసీ, నాకూ నేర్పు” అన్నాడు. నేను ఈ పని నేర్చుకున్నది కాలనీ క్వార్టర్లలో పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర. కాబట్టి మా నలుగురికీ కుట్లకు సీదా, ఉల్టా అన్న మాటలే తెలుసు. వాడికీ అవే నేర్పాం. ఇప్పుడు బోర్డరు చక్కగా వేస్తున్నాడు. స్నేహితులు నవ్వితే సూది పక్కన పెట్టడు, వాళ్లని పక్కన కూర్చోమంటాడు. వాచ్‌మన్‌కి మొదట అనుమానం వచ్చింది వీడి మీదే. మగపిల్లాడికి ఊలుతో ఏం పని, లోపల ఇంకేదో ఉందని బుట్ట వెతికాడు.

అడ్డాకుల విస్తళ్లు అమ్ముకునే ఒకావిడ బేరం అయిపోయాక వచ్చి, మాట్లాడకుండా రెండు చేతులూ చాచి ఊలు చిలప పట్టుకుంటుంది, మేం ఉండ చుట్టుకుంటాం. ఆవిడ భాష దేసియా, మాది తెలుగు. గజపతి జిల్లా చంద్రగిరి నుంచి ఒక టిబెటన్ ఆవిడ వచ్చింది. 1963 నుంచి వాళ్ల పునరావాసం ఉంది అక్కడ. చలికాలం ఊళ్లలో స్వెటర్లు అమ్ముతారు. పోటీ అనుకుని పోట్లాడుతుందేమో అనుకున్నాం. నా చేతిలోది లాక్కుని, నేను మెడ దగ్గర కుట్లు తగ్గించిన పద్ధతి చూసి తల కొట్టుకుని, పది నిమిషాల్లో సరిచేసి ఇచ్చి బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

ఇంకొకాయన రిటైరైన రైల్వే మనిషి. మూడు రోజులు బెంచీ చివర కూర్చుని, నాలుగో రోజు పాత బట్టల దుకాణం సంచి ఒకటి తెచ్చాడు. అందులో సగం అల్లిన బూడిదరంగు స్వెటరు, సూదులు దానికే ఉన్నాయి. ఆయన భార్య పోయి రెండేళ్లు. సూదులు తీస్తే కుట్లు జారిపోతాయని ఎవరో చెప్పారట, అలాగే దాచాడు. మేం నలుగురం చూసుకున్నాం. పది నంబరు సూదే, మేం వాడేదీ అదే, కానీ ఆవిడ చెయ్యి వదులు, మా చెయ్యి బిగువు. ఎంత జాగ్రత్తపడినా చెయ్యి మారిన వరస తెలిసిపోతుంది. ఆ మాటే చెప్పాం. “తెలియనీ అమ్మా” అన్నాడు. అల్లి ఇచ్చాం. ఇప్పుడది వేసుకుని పార్కుకొస్తాడు. ఎవరడిగినా పొట్ట దగ్గర గీతలా కనబడే వరస మీద వేలు పెట్టి, “ఇక్కడివరకు మా ఆవిడ, ఇక్కణ్ణించి పార్కు” అంటాడు. ఈయన్ని కూడా గుర్తుతెలియని వ్యక్తుల కిందే లెక్కేశారా సార్?

నిజంగా ప్రమాదకరమైన మనిషి ఒకడున్నాడు, ఒప్పుకుంటాను. లెక్కపెట్టుకుంటున్నప్పుడు వచ్చి “ఇవెన్ని కుట్లండీ?” అని అడిగేవాడు. వాడివల్ల జడ డిజైను రెండుసార్లు అటుది ఇటు తిరిగింది. వాడి మీద నిషేధం బోర్డు పెడితే అభ్యంతరం లేదు.

ఇక సూదులు. పని ఆపగానే ఊలు ఉండలో గుచ్చి బుట్టలో పెడతాం. అదే పార్కులో జారుడుబల్ల రేకు చీలి రెండేళ్లయింది. దాని అంచు మా సూదులకంటే పదును, ఎంతమంది పిల్లల లాగులు చింపిందో లెక్కలేదు. రెండు దీపాలు వెలగవు. మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఇదే గేటు పక్క గోడ మీద మగ్గం బొమ్మ మాత్రం రంగురంగుల్లో వేయించారు, కోట్‌పాడ్ నేత మా గర్వకారణం అని. నిజమే, గర్వకారణమే. ఆల్ చెట్టు వేరుతో ఎరుపెక్కే ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది నేసే గోవర్ధన్ పాణికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. తమాషా ఏమిటంటే, నలుగురిలో కూర్చుని అల్లుకోవడానికే ప్రపంచంలో ఒక దినం మొదలైంది కూడా 2005లోనే, జూన్ రెండో శనివారం జరుపుతారు. చేతిపని గోడమీద బొమ్మగా ఉంటే గౌరవం, బెంచీ మీద కూర్చుంటే దందా.

మీ వార్త పడిన మూడో రోజే బోర్డు కూడా వెలిసింది. పనుల్లో అంత వేగం ఈ ఊరు ఎన్నడూ చూడలేదు. ఒడియా, ఇంగ్లీషు సరిగ్గానే ఉన్నాయి. తెలుగులో ‘ఇచట ఊలు అలకలు నిషేదం’ అని రాశారు. అల్లికలు కాదు, అలకలు! ఊలుతో అలగడం ఎలాగో నాకు తెలియదు. ఉత్త అలక మాత్రం తెలుసు, ఇప్పుడు చేస్తున్నదదే. 1936 ఏప్రిల్ 1 దాకా విశాఖ జిల్లాలో ఉన్న నేల ఇది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలిచ్చిన చోట, ఒక్క తెలుగు ముక్క దిద్దించుకోవడానికి మనిషి దొరకలేదు. దొరకరు కూడా. నేను దిగిపోయాక నా పోస్టు ఖాళీగానే ఉంది. ఆ సంగతి మీ పత్రికకే రెండుసార్లు రాశాను, వేయలేదు. స్వెటర్లయితే జిల్లా పేజీలో వెంటనే.

సవరణ వేస్తారని ఆశ పెట్టుకోలేదు. వేస్తే ‘దందా’ తీసెయ్యండి. మీ విలేకరిని మళ్లీ పంపేటట్టయితే మంగళవారం కానీ శుక్రవారం కానీ నాలుగింటికి పంపండి, అడగదలచుకున్నవి మమ్మల్నే అడగమనండి, కుట్లు లెక్కపెట్టేటప్పుడు తప్ప. బోర్డు తీసేదాకా దాని కిందే కూర్చుంటాం. పోనీ తీయలేకపోతే, ల కింద ఒక ల వత్తు, పైన ఒక గుడి, ద కింద ఒక గీత పెట్టించండి. పెయింటు డబ్బులు మేం నలుగురం వేసుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
కొరాపుట్ జిల్లా, ఒడిశా