‘ఎప్పటి వరకు’ అని రాయని ఒప్పందాలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికాలో రిటైరైన కార్మికుల వైద్య బీమా తగువు మన పత్రికలకు అంతగా పట్టే విషయం కాదు. అయినా ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి, రెండుసార్లు వేతన ఒప్పందం కమిటీలో కూర్చున్నవాడిని కనుక రాయకుండా ఉండలేకపోతున్నాను.

కిందటి వేసవిలో మిషిగన్‌లో మా అబ్బాయి ఇంట్లో నాలుగు నెలలున్నాను. పక్కింటి పెద్దాయన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. నేను యూనియన్ మనిషినని తెలిశాక, ఒక సాయంత్రం చొక్కా జేబులో పట్టేంత ఒప్పందం పుస్తకం తెచ్చి చూపించాడు. పెన్షన్ తీసుకునే కార్మికుడికీ భార్యకూ కంపెనీ వైద్య బీమా ఇస్తుందన్న పేరా కింద పెన్సిల్ గీత ఉంది. ఆ గీత మీద వేలు తీయకుండానే చివరి పేజీ తిప్పాడు. ఈ ఒప్పందం మూడేళ్లు అమల్లో ఉంటుందని అక్కడ రాసి ఉంది.

ఈ రెండు వాక్యాల్లో ఏది గెలవాలన్నదే అక్కడి కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగిన ప్రశ్న. పెన్షన్‌కు 1974 నాటి ఎరిసా చట్టం అండగా ఉంది. వైద్య బీమాకు ఆ అండ లేదు, ఒప్పందంలో ఏముంటే అదే. 1983లో యార్డ్-మ్యాన్ అనే కంపెనీ కేసులో సిన్సినాటిలోని అప్పీలు కోర్టు కార్మికుల వైపు మొగ్గింది. రిటైరైన వ్యక్తి ఆ హోదాలో ఉన్నంతకాలం ఆ సదుపాయమూ ఉండాలనే ఇరుపక్షాలూ అనుకుని ఉంటాయని భావించింది. మిషిగన్, ఒహాయో వంటి పారిశ్రామిక రాష్ట్రాల్లో ముప్పై ఏళ్లు ఆ మాటే చెల్లింది.

తర్వాత పశ్చిమ వర్జీనియాలో ఎం అండ్ జి పాలిమర్స్ నుంచి రిటైరైనవాళ్లకు, ఇక బీమా ఖర్చులో మీ వంతు మీరు కట్టుకోవాలని 2006 చివర్లో కబురు వచ్చింది. వాళ్లు కోర్టుకెక్కారు. 2015లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా యార్డ్-మ్యాన్ సూత్రాన్ని కొట్టేసింది. అలా ముందే ఒకవైపు అనుకోవడం తక్కెడలో ఒక పళ్లేన్ని బొటనవేలితో నొక్కడమేనని జస్టిస్ థామస్ రాశారు. మామూలుగా ఒప్పందం గడువుతోనే అందులోని బాధ్యతలూ ముగుస్తాయన్నారు. జీవితాంతం అన్న మాట అచ్చంగా ఉండి తీరాలని లేదు, మొత్తం ఒప్పందాన్ని బట్టి కూడా తేల్చవచ్చని జస్టిస్ గిన్స్‌బర్గ్ విడిగా చెప్పారు. కానీ 2018లో వ్యవసాయ యంత్రాల కంపెనీ సీఎన్‌హెచ్ కేసులో ఆ దారి కూడా ఇరుకైంది. వైద్య సదుపాయాన్ని పెన్షన్‌తో ముడిపెట్టినంత మాత్రాన అది జీవితాంతం ఉన్నట్టు కాదని కోర్టు తేల్చేసింది.

తర్కం వరకు తప్పు పట్టలేను. రాయని మాటను కోర్టు రాయకూడదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. రిటైరైనవాళ్లు చట్టప్రకారం ఉద్యోగులు కారనీ, వాళ్ల సదుపాయాల గురించి యాజమాన్యం యూనియన్‌తో మాట్లాడి తీరాల్సిన పని లేదనీ 1971లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే గడువు తీరాక కొత్తగా బేరం ఆడే బల్ల దగ్గర వాళ్లకు హక్కుగా కుర్చీ లేదు. యాభై ఎనిమిదేళ్లకు పని మానేసినవాడికి ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ అరవై ఐదుకు గానీ అందదు. మధ్యలో ఆ ఏడేళ్లు ఏ బేరంతో గడవాలి?

మన దగ్గర ఆనవాయితీ కొంత నయం. గడువు దాటినా కొత్త ఒప్పందం వచ్చేదాకా పాతదే నడుస్తుందని 1980లో ఎల్‌ఐసీ బోనస్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం చట్టం మార్చి దానికి అడ్డుపడిందనుకోండి, అది వేరే కథ.

ఇంటికొచ్చాక ట్రంకు పెట్టె దింపి, మా కమిటీ సంతకాలు చేసిన ఒప్పందం వెతికి తీశాను. ‘రిటైరైన ఉద్యోగులకు వైద్య సదుపాయం కొనసాగుతుంది’ అని ఒక్క ముక్క ఉంది. ఎప్పటి వరకో లేదు. ఆ రాత్రి పొద్దుపోయేదాకా జీతాల అంకెల మీద గొడవపడి, ఈ వాక్యాన్ని అరనిమిషంలో దాటేశాం. కింద మూడో సంతకం నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత కార్మికుడు,
విశాఖపట్నం