చింతపిక్కలతో నేర్పదగిన లెక్క

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు చదువుతున్న పోటీ పరీక్షల గైడులో ఒక లెక్క చూశాను. మూడు వరుసల్లో మూడేసి చొప్పున ఉన్న తొమ్మిది గళ్లలో సున్నాలు, ఒకట్లు నింపాలి. పక్కపక్కన గానీ కిందామీదా గానీ రెండు ఒకట్లు ఆనుకోకూడదు. ఎన్ని విధాలుగా నింపవచ్చు? జవాబు 125 అని వేశారు. సరైన జవాబు 63. అది అచ్చుతప్పయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను. ఒక వరుసను ఐదు విధాలుగా నింపవచ్చు గనుక ఐదును మూడుసార్లు హెచ్చవేసి, కిందామీది నిబంధనను పూర్తిగా వదిలేశారు.

సంక్రాంతి సెలవుల్లో మా అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, ఒకటికి బదులు చింతపిక్క పెట్టించి, వీధి పిల్లల చేత ఈ లెక్క చేయించాను. పై వరుస ఖాళీ అయితే కింది వరుసను ఐదు విధాలుగానూ నింపవచ్చు. పిక్క ఏదో ఒక చివర ఉంటే మూడు విధాలు, నడుమ ఉంటే నాలుగు, రెండు చివర్లా ఉంటే రెండే. రెండు వరుసలకు మొత్తం 17. ఆ 17ను మళ్లీ దేనితోనో హెచ్చవేయాలని పిల్లలు తొందరపడతారు. అలా కాకుండా, రెండో వరుస ఖాళీగా ఉన్నవి 5, ఎడమ పిక్కవి 3, నడిమి పిక్కవి 4, కుడి పిక్కవి 3, రెండు చివర్లవి 2 అని విడివిడిగా రాసుకుని, ఒక్కొక్క దాని కింద ఏవి ఇముడుతాయో చూసి కూడితే, మూడో వరుసకు అదే క్రమంలో 17, 12, 13, 12, 9 వస్తాయి. వాటి మొత్తం 63.

ఒక్క వరుస లెక్క మన ఛందస్సులోనే ఉంది. చివర ఒక ఖాళీ గడి చేర్చి, పిక్కనూ దాని తరువాతి ఖాళీనీ కలిపి గురువనీ, మిగిలిన ఖాళీని లఘువనీ అనుకుంటే, మూడు గళ్ల వరుస నాలుగు మాత్రల పాదమవుతుంది; రెండింటికీ ఐదే రూపాలు. మాత్రలు పెరిగేకొద్దీ వచ్చే 1, 2, 3, 5, 8 అనే వరుసను 1202లో ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి రాయడానికి శతాబ్దాల ముందే మన ఛందశ్శాస్త్రకారుడు విరహాంకుడు చెప్పాడు.

గళ్లు పెరిగితే సంఖ్య ఎంత వేగంగా పెరుగుతుందో చూడండి. నాలుగు నాలుగుల గళ్లకు 1234. చదరంగం బల్లంత అయితే 66,064 కోట్ల 79 లక్షల 62 వేల 955. ఆరు భుజాల గళ్ల విషయంలో ఇలాంటి ప్రశ్నకు 1980లో భౌతిక శాస్త్రవేత్త బాక్స్‌టర్ కచ్చితమైన పరిష్కారం సాధించాడు గానీ, చదరపు గళ్లకు అలాంటి సూత్రం ఇంతవరకు దొరకలేదు. సూత్రం లేనిచోట కూడా వరుస తరువాత వరుసగా ఓపికగా లెక్కించి జవాబు రాబట్టవచ్చని పిల్లలకు పదో తరగతిలోపే తెలియాలని నా గట్టి కోరిక.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇలాంటి లెక్కలు వేసేటప్పుడు, జవాబు ఒక్కటే కాక వరుసవారీ పట్టికను కూడా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా.