ఆ సీసాలో ఏముందో రైతుకు తెలియాలి

సంపాదకుడు గారికి,

రొయ్యల సాగున్న ఊళ్లలో ఆక్వా షాపుకెళ్తే 'ఇమ్యూనిటీ బూస్టర్' పేరుతో రకరకాల సీసాలు, పొడులు కనిపిస్తాయి. వాటిలో దేనిమీదైనా 'యాంటీబాడీలు పెంచుతుంది' అని ఉంటే ఆ షాపులో ఇంకేమీ కొనకపోవడమే మంచిది. ఒక్కో రోగాన్ని గుర్తుపట్టి అడ్డుకునే ప్రొటీన్లే యాంటీబాడీలు, రొయ్య ఒంట్లో అవి అసలు తయారే కావు.

దానికున్నది పుట్టుకతో వచ్చిన రక్షణే. పైన పెంకు, లోపల రక్తకణాలు, ఆ కణాల్లో దాచుకున్న యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు, అంటే సూక్ష్మజీవుల్ని చంపే చిన్న ప్రొటీన్లు. మనం పెంచే వనామీ రొయ్యలోనే 1997లో పీనైడిన్లు అనే రకాన్ని గుర్తించారు. క్రస్టిన్లూ ఇలాంటివే. ఈ పెప్టైడ్లలో చాలావాటికి ధనావేశం, బ్యాక్టీరియా పొరకు రుణావేశం ఉంటాయి. అందుకే వెళ్లి అతుక్కుని పొరను చీల్చేస్తాయి.

ఈ నిల్వను తయారుచేసే రక్తకణాలు చెరువులో ఆక్సిజన్ పడిపోయినా, అమ్మోనియా పెరిగినా తగ్గిపోతాయి. తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) కిందికి దిగే చెరువులో రోగం తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాకు దారి మనమే తెరిచినట్టు. రాత్రి నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆపి డీజిల్ మిగుల్చుకుని, ఆ డబ్బుతో పొద్దున్నే బూస్టర్ కొనేవారికి ఏం చెప్పాలి? మోల్టింగ్ అప్పుడు, అంటే రొయ్య పాత పెంకు విడిచినప్పుడు, పెంకు కూడా మెత్తబడుతుంది కాబట్టి ఆ రాత్రులు మరీ జాగ్రత్తగా ఉండాలి.

'పెప్టైడ్ మందు' నీళ్లలో పోయమని చెబితే ఓ లెక్క వేసుకోండి. నాలుగడుగుల లోతున్న ఎకరం చెరువులో దాదాపు 49 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. అందులో లీటరు మందు ఏ మూలకొస్తుంది? పైగా పెప్టైడ్‌ను నీటిలోని సూక్ష్మజీవుల ఎంజైములు ముక్కలు చేసేస్తాయి. ఈస్ట్ నుంచి తీసే బీటా గ్లూకాన్‌కు కాస్త ఆధారముంది. సూక్ష్మజీవి వచ్చిందని రక్తకణాల్ని భ్రమింపజేసి మేల్కొలుపుతుంది. అయితే బైండర్‌తో (అతికించే జిగురుతో) మేతకు పట్టించి, ఆరబెట్టి, రోగం రాకముందే పెట్టాలి. రొయ్యలు ఎంత తింటున్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతున్నాక పెడితే తినేదెవరు? తెల్లమచ్చ వైరస్ పట్టిన చెరువును ఏ సీసా గట్టెక్కించదు, యాంటీబయాటిక్ అంతకన్నా గట్టెక్కించదు.

అసలు భయం ఈ పొడుల్లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కలుస్తుందేమోనని. అదీ ఒక పెప్టైడే, బ్యాక్టీరియా పొర మీద పనిచేసే తీరూ ఇదే. ఐసీయూలో మిగతా మందులు లొంగదీయలేని బ్యాక్టీరియాకు డాక్టర్లు చివరగా వాడేది దాన్నే. పొర మీది రుణావేశాన్ని తగ్గించి కొలిస్టిన్‌ను అంటనివ్వని ఎంసీఆర్-1 జన్యువు 2015లో చైనాలో పందుల్లోనూ రోగుల్లోనూ ఉన్న బ్యాక్టీరియాలో బయటపడింది. అది ఒక బ్యాక్టీరియా నుంచి మరో రకం బ్యాక్టీరియాకు సులువుగా చేతులు మారుతుంది. అందుకే మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో కోళ్లకు, పశువులకు, ఆక్వాకు, మేతలో కలిపేందుకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది.

కాగితం మీది నిషేధం, పేరులేని పొడి పొట్లం దగ్గర చెల్లదు. చేపల మేత నాణ్యతకు 2020లోనే చట్టం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ బూస్టర్ల మీద కూడా అంతే గట్టిగా ఉండాలి. ప్రతి సీసా మీదా ఏమేం కలిపారో, ఎంత శాతమో, బ్యాచ్ నంబరు, గడువు తేదీ తెలుగులో ఉండాలి. మత్స్యశాఖ షాపుల నుంచి నమూనాలు తీసి, కొలిస్టిన్, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్‌ల కోసం పరీక్ష చేయించి, ఫలితాలను బ్రాండ్ పేర్లతో సహా రైతు సేవా కేంద్రాల్లో అంటించాలి. అదీ చెరువుల్లో పిల్ల వదిలే ముందే.

– ఆక్వా ల్యాబ్ సిబ్బంది, భీమవరం