తగ్గిన కొలత గురించి మా వంటశాల నుంచి వివరణ

మా వంటశాల నుంచి భోజనం తెప్పించుకునే కుటుంబాలన్నింటికీ నమస్కారం.

నలుగురికి సరిపోతుందని మేము పంపే డబ్బాలో కూర ఇదివరకటి కంటే తక్కువగా ఉంటున్నదా, లేక తమకే అలా తోస్తున్నదా అని గత నెలలో మీలో కొందరు నన్ను అడిగారు. మీకు తోచడం కాదు, తగ్గిన మాట నిజమే. కిలో కూర పట్టే డబ్బాలో 850 గ్రాములే నింపమని మా వాళ్ళకు చెప్పింది నేనే. ధర తగ్గించలేదు, కొలత తగ్గించిన సంగతి మీకు చెప్పనూ లేదు. సరుకుల ఖర్చు పెరిగి, ఆర్డర్లు పలచబడి, జీతాలు ఇవ్వవలసిన రోజు దగ్గర పడినప్పుడు, ధర పెంచితే ఉన్నవారు కూడా మానుకుంటారన్న భయంతో ఆ పని చేశాను. భయానికి కారణం ఉంది గానీ, దాచడానికి లేదు. మీ దగ్గర తీసుకున్న డబ్బుకు సరిపడా కూర పంపనందుకు క్షమించమని అడుగుతున్నాను.

ఈ తప్పు నాకు ఎందుకు బరువుగా అనిపించిందో కూడా చెప్పాలి. కుటుంబం ఎంత పేదదైతే దాని ఖర్చులో తిండికి పోయే వాటా అంత పెద్దదిగా ఉంటుందని ఎర్నెస్ట్ ఏంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే లెక్క తేల్చి చెప్పాడు. కలిగిన ఇంట్లో 150 గ్రాముల కూర తగ్గితే ఎవరూ గమనించకపోవచ్చు. నెలాఖరు ఎప్పుడు దాటుతుందా అని చూస్తున్న ఇంట్లో మాత్రం అది ఒకరి విస్తరిలో తగ్గినట్టే, ఆ ఒకరు చాలాసార్లు వడ్డించే మనిషే అవుతారు. నన్ను మొదట అడిగినవారు కూడా అటువంటి ఇళ్ళవారే.

ఈ సోమవారం నుంచి డబ్బాలో మళ్ళీ కిలో కూర ఉంటుంది, ధర ఇప్పుడున్నదే ఉంటుంది. అది ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. పద్నాలుగు రకాలుగా ఉన్న మా వంటల పట్టికను ఆరుకు కుదిస్తున్నాము. మాంసం కూరలు రోజూ కాక వారానికి రెండు రోజులే వండుతాము. మిగిలిన రోజుల్లో పప్పులు, శనగలు, బీన్స్ గింజలు, గుడ్లు, ఆ వారం విరివిగా దొరికే కూరగాయలు ఉంటాయి. రకాలు తగ్గితే కొందరికి నచ్చదని నాకు తెలుసు. అయితే పద్నాలుగు రకాలకు సరుకు తెచ్చి పెట్టుకోవడం వల్లనే మా దగ్గర ఎక్కువ దండగ జరుగుతున్నదని, చెత్తబుట్టలో పడేదాన్ని ఒక వారం పాటు తూచి చూసిన తరువాత గాని నాకు అర్థం కాలేదు. అందులో వండి అమ్ముడుపోని కూర కంటే, వండకుండానే వాడిపోయిన కూరగాయలే ఎక్కువగా ఉన్నాయి.

మాంసం తగ్గించడం వెనుక ఉన్న లెక్కను మీ ముందు పెడతాను, ఎందుకంటే అది మీ ఇంటి వంటకూ పనికివస్తుంది. సరుకును కొనేటప్పటి కిలో ధరను బట్టి చూస్తే మోసపోతాము, వండిన తరువాతి కిలోను బట్టి చూడాలి. ఎముక లేని మాంసం ఉడికేటప్పుడు నీరు వదిలి దాదాపు నాలుగో వంతు బరువు కోల్పోతుంది. ఎండు శనగలు గాని, బీన్స్ గింజలు గాని నీరు పీల్చుకొని సుమారు రెండున్నర రెట్లు అవుతాయి. కొనేటప్పుడు మాంసం ధర గింజల ధరకు నాలుగు రెట్లు అనుకుందాము. వండిన తరువాత అదే తేడా పదమూడు రెట్లు దాటుతుంది. ఇక్కడితో ఆపితే లెక్క సగమే చెప్పినట్టు. వండిన గింజల్లో నూటికి సుమారు 9 గ్రాముల మాంసకృత్తులు ఉంటే, వండిన మాంసంలో దాదాపు మూడు రెట్లు ఉంటాయి. కాబట్టి మాంసకృత్తుల లెక్కన తేడా నాలుగు రెట్ల చిల్లరకు దిగుతుంది. అది కూడా చిన్న తేడా ఏమీ కాదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలు అనే చిన్న భాగాలతో ఏర్పడతాయి. వాటిలో గింజల్లో తక్కువగా ఉండే మెథియొనిన్ బియ్యం, గోధుమ వంటి ధాన్యాల్లో ఉంటుంది, ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్ గింజల్లో ఉంటుంది. అందువల్ల రెండూ కలిసిన భోజనాన్ని డబ్బు లేక తినే తిండి అని చిన్నబుచ్చుకోవలసిన అవసరం లేదు.

గింజలు ఇంట్లో వండుకుంటే ఎంతకూ ఉడకవని, గ్యాసు ఖర్చే ఎక్కువవుతుందని చాలామంది నాతో అంటారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ కారణాలు తెలిస్తే దారి దొరుకుతుంది. పాతబడిన గింజలు, ముఖ్యంగా వేడిలో, చెమ్మలో నిలవ ఉన్నవి, ఎంత నానబెట్టినా గట్టిగానే ఉంటాయి. చౌకగా వస్తున్నాయని ఏడాదికి సరిపడా కొనడం కంటే రెండు నెలలకు సరిపడా కొనడమే లాభం. రాత్రంతా నానబెట్టేటప్పుడు నీళ్ళలో కొంచెం ఉప్పు వేస్తే తొక్క మెత్తబడుతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాటను నేనూ చాలాకాలం నమ్మాను. ఉడకకుండా అడ్డుపడేవి టమాటా వంటి పులుపు, సున్నపు అంశం ఎక్కువగా ఉన్న నీళ్ళు. పులుపును గింజ పూర్తిగా మెత్తబడిన తరువాతనే వేయాలి. వంట సోడా వేస్తే త్వరగా ఉడికే మాట వాస్తవమే గానీ, దానివల్ల థయమిన్ అనే విటమిన్ నష్టపోతాము కనుక మా వంటశాలలో దానిని వాడము. పొట్టు తీసి బద్దలు చేసిన పప్పుకు ఈ తిప్పలేవీ ఉండవు, నానబెట్టకుండానే ఉడుకుతుంది. సమయమూ డబ్బూ రెండూ లేని రోజున నేను మొదట చూసేది ఆ డబ్బా వైపే.

ఎర్ర రాజ్మా విషయంలో మాత్రం పొదుపు కోసం మంట తగ్గించవద్దని గట్టిగా చెబుతున్నాను. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే ఒక విషపదార్థం ఉంటుంది, గింజ సరిగా ఉడకకపోతే దానివల్ల తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెరలి మరగనివ్వాలి, అరగంట మరిగిస్తే ఇంకా నిశ్చింత. ఆ తరువాత మెత్తబడే వరకు సన్నని సెగ మీద ఉంచవచ్చు. మరుగు పట్టకుండా 80 డిగ్రీల దగ్గరే నెమ్మదిగా ఉడికించే విద్యుత్ పాత్రలో (స్లో కుక్కరులో) పచ్చి గింజలను నేరుగా వేస్తే, ఆ విషగుణం పోకపోగా పెరిగే ప్రమాదం కూడా ఉంది.

మిగతా వంటల్లో మంట తగ్గించడమే మేలు. నీరు ఒకసారి మరిగిన తరువాత ఎంత పెద్ద మంట పెట్టినా 100 డిగ్రీలు దాటదు, పెద్ద మంట వల్ల ఆవిరి మాత్రమే ఎక్కువగా పోతుంది. మూత పెట్టి సెగ తగ్గిస్తే అదే సమయంలో అదే అన్నం ఉడుకుతుంది. ఆ 100 డిగ్రీల హద్దు దాటించేది ప్రెషర్ కుక్కరు ఒక్కటే. లోపలి ఒత్తిడి వల్ల నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి గింజలు ఉడికే సమయం దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. 1679లో డెనీ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీని తొలి రూపాన్ని లండన్‌లో ప్రదర్శించింది గట్టి ఎముకలను మెత్తబరచి, పారేసేదాన్ని తిండిగా మార్చే ఉద్దేశంతోనే. ఇంట్లో కొత్తగా ఒక్క పాత్ర కొనగలిగిన స్తోమతే ఉంటే అది కుక్కరు కావాలని నా అభిప్రాయం. కుక్కరులో గింజలు వేసేటప్పుడు నీళ్ళతో కలిపి సగానికి మించనివ్వకండి, పొంగిన తొక్కలు ఆవిరి దారికి అడ్డుపడతాయి.

దండగ విషయానికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నేను ఎక్కువగా సిగ్గుపడింది అక్కడే. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో 60 శాతం ఇళ్ళ నుంచి వచ్చిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించింది. ఆ లెక్క చదివినప్పుడు ఎవరి ఇంటి గురించో అనుకున్నాను, మా బుట్ట తూచిన రోజున నా గురించే అని తెలిసింది. క్యాబేజీ నడిమి దుంగను, కాలీఫ్లవరు కాడలను, లేత ఆకులను మేము ఏళ్ళ తరబడి పారేశాము. ఇప్పుడు వాటిని సన్నగా తరిగి ముందుగా బాణలిలో వేసి, అవి సగం మగ్గిన తరువాత మెత్తని భాగాన్ని కలుపుతున్నాము. మీకు పంపిన కూరలో ఆ తేడాను ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. బంగాళాదుంపలను శుభ్రంగా కడిగి తొక్కతోనే వండుతున్నాము, పచ్చబడిన భాగాన్నీ మొలకలనూ మాత్రం లోతుగా కోసి పారేస్తాము, వాటిలోని సోలనిన్ అనే విషపదార్థం ఒంటికి మంచిది కాదు.

మిగిలిన అన్నం గురించి మీలో ఎక్కువమంది అడుగుతున్నారు. అన్నం మిగలడం తప్పు కాదు, దానిని పొయ్యి పక్కన రాత్రంతా వదిలేయడమే తప్పు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా వదిలేసిన అన్నంలో అవి పెరిగి విడిచే విషం మళ్ళీ వేడి చేసినంత మాత్రాన పోదు. వండినదేదీ బయట 2 గంటలకు మించి ఉండరాదని, చల్లని పెట్టెలో 5 డిగ్రీల లోపు పెట్టాలని, మళ్ళీ వేడి చేసేటప్పుడు లోపలి వరకు 70 డిగ్రీలు దాటాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిస్తే త్వరగా చల్లారుతుంది. మరుసటి రోజు ఉల్లిపాయ, మిగిలిన కూరగాయ ముక్కలు, ఒక గుడ్డు వేసి వేయించుకుంటే అదే ఒక పూట భోజనం అవుతుంది. చల్లని పెట్టె లేని ఇంట్లో మాత్రం రేపటి కోసం వండడం పొదుపు కాదు, ఏ పూటకు ఆ పూట కొలుచుకొని వండుకోవడమే మేలు.

పొదుపు పేరుతో తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. నూనె ఖరీదైనది గనుక మొదట దాని మీదే చెయ్యి బిగుసుకుంటుంది, కానీ గ్రాముకు 9 కేలరీలు ఇచ్చే పదార్థం అది. కొంచెం తిని లేచిపోయే చిన్న పిల్లల అన్నంలో నుంచి దాన్ని పూర్తిగా తీసేస్తే వాళ్ళకు ఆకలి తీరదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ఉన్నవి రెండే అయితే పెరిగే పిల్లలకూ గర్భిణికీ పెట్టండి. గింజలు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టాలంటే అదే పూటలో విటమిన్ సి ఉండాలి, అందుకు పొయ్యి మీద నుంచి దించిన తరువాత పిండిన కొంచెం నిమ్మరసమైనా పనిచేస్తుంది. మా పప్పు డబ్బాలతో పాటు ఇకపై ఒక నిమ్మచెక్క వస్తుంది, దానిని అలంకారం అనుకొని పక్కన పెట్టేయకండి.

ఇన్ని సంగతులు చెబితే మీరు ఇంట్లోనే వండుకుంటారు, మా ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి కదా అని మా వంటశాలలో వాళ్ళే నన్ను నిలదీశారు. తగ్గవచ్చు. వారంలో ఐదు రోజులు తెప్పించుకోలేక పూర్తిగా మానేసిన ఇళ్ళు, రెండు రోజులకైనా తిరిగి వస్తే మాకు అదే ఎక్కువని నేను లెక్క వేసుకున్నాను. అందుకే ఉడికించిన శనగలను, రాజ్మాను, పప్పును ఉప్పు తప్ప ఏమీ వేయకుండా అర కిలో డబ్బాలలో విడిగా అమ్మబోతున్నాము. పెద్ద కుక్కరులో ఒకేసారి ఉడికిస్తే మాకయ్యే గ్యాసు తక్కువ, మీకు మిగిలేది తాలింపు పెట్టుకునే పని మాత్రమే. మూడు నెలలు ఇలా నడిపి చూస్తాను. అప్పటికీ ఖర్చు గిట్టకపోతే ధర పెంచవలసి రావచ్చు. అయితే పెంచడానికి రెండు వారాల ముందే చెబుతాను, కొలత ముట్టుకోను. డబ్బా మీద ఇకపై తూకం రాసి ఉంటుంది, అనుమానం వస్తే ఇంట్లో తూచుకొని చూడండి.

తగ్గించిన కొలతతో ఆరు వారాలు నడిపాము. ఆ ఆరు వారాలలో డబ్బాలు తీసుకున్నవారి వివరాలు మా పుస్తకంలో ఉన్నాయి. ప్రతి ఆరు డబ్బాలకు ఒక డబ్బా కూరను, ఏ రోజు కావాలో మీరు చెబితే ఆ రోజు, డబ్బు తీసుకోకుండా పంపుతాము. పూర్తి నెలకు ముందే చెల్లించి ఇప్పుడు మానుకోదలచినవారికి మిగిలిన రోజుల సొమ్ము ఈ శుక్రవారం లోపు తిరిగి ఇస్తాము, అందుకు మీరు కారణం చెప్పనక్కరలేదు.